నిప్పులత్త సెట్ చేసిన నిప్పు

బేకరీ వెనకగదిలో మంటలు లేచిన మర్నాడు ఉదయం నిప్పులత్త ఫైర్ ఆఫీసులో కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరుతో మొదటినుంచి చివరిదాకా ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది. మాట్లాడి, మహా సంబరంగా ఇంటికి వచ్చింది.

ఆమె అసలు పేరుతో బేకరీలో ఎవరికీ పనిపడలేదు. కట్టెల బట్టీ బాధ్యత ఆమెది. పొద్దున్నే బట్టీ వేడెక్కించడం, రొట్టెలు కాలుతున్నంతసేపూ మంట తగ్గకుండా, పెరగకుండా చూసుకోవడం, సాయంత్రం దుకాణం మూశాక మిగిలిన నిప్పుల్ని ఒక మూలకి లాగి మీద మందంగా బూడిద కప్పి మూత బిగించడం. అలా కప్పిన నిప్పు మర్నాటిదాకా బతికే ఉంటుంది. పొద్దున బూడిద పక్కకి నెట్టి నాలుగు చితుకులు వేస్తే చాలు, మళ్ళీ రాజుకుంటుంది. అందుకే యజమాని దగ్గర్నుంచి రొట్టెలు కొనేవాళ్ళదాకా అందరికీ ఆమె నిప్పులత్తే.

ఈ పరాయిదేశంలో ఇంట్లో ఉండేది ఆమే, కోడలూ. కొడుకు దూరప్రాంతాలకి లారీ తోలుతాడు. ఇంట్లో కంటే రోడ్డుమీదే ఎక్కువ ఉంటాడు. కోడలు వినికిడి పరీక్షలు చేసే క్లినిక్‌లో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఏ మాట వినబడుతోందో, ఏ అక్షరం జారిపోతోందో కనిపెట్టడం ఆమె పని. అత్తకి ఇంగ్లిష్ నేర్పుతున్నది కూడా ఆమే. నేర్పడం అంటే పెద్దగా ఏమీ లేదు. కూరగాయలు తరుగుతూ ఒక మాట, బట్టలు ఆరేస్తూ ఒక మాట. కోడలు ఒకటి నేర్పితే, అత్త దాంతో తనంతట తానే నాలుగు కట్టుకునేది.

ఆ రోజు కోడలికి సెలవు. అత్త చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఏమడిగారు అత్తయ్యా?"

"నిన్న సాయంత్రం ఏం చేశావు, ఎప్పుడెళ్ళావు అని అడిగింది ఆఫీసరమ్మ. ఫోన్లో తెలుగొచ్చిన మనిషిని పెడతానంది. నేనే వద్దన్నాను. నో నో, ఐ స్పీక్ అన్నాను."

"ఏం స్పీకారు?"

"ఐ సెట్ ఫైర్, కవర్, గో హోమ్ అన్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది, యూ సెట్ ఫైర్? అని. యెస్ యెస్, ఎవ్రీ డే ఐ సెట్ ఫైర్ అన్నాను. ఆవిడ రాయడం ఆపేసి నా మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయింది. నా ఇంగ్లిష్ అంత బాగుందేమో అనుకున్నాను."

కోడలు చేతిలో ఉన్న టీ గ్లాసు బల్లమీద పెట్టేసింది.

"అత్తయ్యా, అసలు మీరేం చెప్పాలనుకున్నారు? తెలుగులో చెప్పండి."

"అదేనే! నిప్పు సర్దిపెట్టి, బూడిద కప్పి, ఇంటికొచ్చాను అని. ఎందుకలా మొహం పెట్టావు?"

"సెట్ ఫైర్ అంటే నిప్పు సర్దడం కాదండీ. నిప్పు పెట్టడం. కొంపకి నిప్పు పెట్టడం."

"ఎవరి కొంపకి?"

"ఎవరి కొంపకైనా!"

అత్త నవ్వింది. కోడలు నవ్వకపోయేసరికి ఆపింది. కుర్చీలో కూలబడింది. భయం కంటే ముందు ఆమెకి వచ్చింది ఆశ్చర్యం.

"అదెలా కుదురుతుందే? అలారం సెట్ చెయ్యండి అంటావు. మిక్సీ మొరాయిస్తే సెట్ చేశానంటాడు నీ మొగుడు. ఎదురింటివాళ్ళ పిల్లకి సంబంధం సెట్టయిందని మొన్న నువ్వే చెప్పావు. అన్నిచోట్లా చక్కబెట్టడమే కదా! నిప్పు దగ్గరికి వచ్చేసరికి అదే మాట తగలబెట్టడం ఎలా అయింది?"

కోడలు మనసులో లెక్కపెట్టి చూసింది. నిజమే, సెట్ అంటే మనం వాడుకునేది ఒకటి, ఇంగ్లిష్‌వాళ్ళు వాడేవి వంద. సూర్యుడు అస్తమిస్తే సెట్, సిమెంటు గట్టిపడితే సెట్, పంజరంలో పిట్టని వదిలేస్తే అదీ సెట్టే. ఏళ్ళతరబడి ఆ భాషలో ఉద్యోగం చేస్తున్నా ఆ చిన్న మాట ఇన్ని పనులు చేస్తోందని ఆమె ఎప్పుడూ ఆగి చూడలేదు.

ఈలోపల అత్త ఫోన్ మోగింది. బేకరీ యజమాని. వయసులో నిప్పులత్త కంటే బాగా చిన్న, అత్తా అని నోరారా పిలుస్తాడు. ఆ రోజు మాత్రం గొంతు పొడిగా ఉంది.

"అత్తా, నువ్వు కొన్నాళ్ళు పనిలోకి రాకు."

"బేకరీ తెరిచేదాకానా?"

"కాదు. ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. నువ్వే అంటించానని ఒప్పుకున్నావట కదా. రోజూ అంటిస్తానని కూడా అన్నావట." గొంతు తగ్గించి, "నేను నీకేం తక్కువ చేశాను అత్తా?" అని, ఆమె నోరు తెరిచేలోపల ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు పడింది దెబ్బ. నిప్పులత్త ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. బట్టీ ఊచ పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. ఆ చేతుల్తో అంటించిందట.

"నన్ను అడగొచ్చు కదే," అంది చివరికి. "వాడికి తెలుగొచ్చు, నాకు తెలుగొచ్చు. అడగొచ్చు కదా."

కోడలు ఓదార్చే ప్రయత్నం చెయ్యలేదు. ఆమె మనసు ఇంకెక్కడో ఉంది. "అత్తయ్యా, మీరు మాట్లాడింది రికార్డు చేశారా?"

"బల్లమీద చిన్న యంత్రం పెట్టారు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది."

"లేవండి. వెళ్దాం."

*

ఆఫీసరమ్మ పొడుగాటి మనిషి. బూట్లకి ఇంకా మసి అంటుకునే ఉంది. ఆమెకి తెలుగు రాదు. ఆమె ఇంగ్లిష్‌లో అన్నది కోడలు అత్తకి తెలుగులో చెబుతూ వచ్చింది. అత్తాకోడళ్ళని చూసి ఆమె చిరాకుపడలేదు. పైగా వాళ్ళకోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీలు లాగింది.

కోడలు చెప్పిందంతా విని, రాసుకున్న కాగితం తీసి చదివింది. "కవర్‌కి నిప్పు పెట్టి ఇంటికి వెళ్ళాను. ఇదీ నేను రాసుకున్నది. వెనకగదిలో తువ్వాళ్ళ పెట్టెమీద ఒక ప్లాస్టిక్ కవర్ ఉండేదట. మంట మొదలైంది ఆ మూలనుంచే. మరి నేనేమనుకోవాలి?"

"ఒకసారి ఆమె గొంతు వినొచ్చా?" అని అడిగింది కోడలు.

ఆఫీసరమ్మ యంత్రం నొక్కింది. కోడలు కళ్ళు మూసుకుంది. క్లినిక్‌లో ఎవరైనా మాట సరిగ్గా పలకలేనప్పుడు ఆమె చేసే పని అదే, పెదవులు చూడకుండా వినడం. అత్త గొంతు గర్వంగా వచ్చింది: ఐ సెట్ ఫైర్. తరవాత చిన్న ఊపిరి. కవర్. ఇంకో ఊపిరి. గో హోమ్.

"మళ్ళీ."

మళ్ళీ విన్నారు. ఈసారి ఆఫీసరమ్మ కూడా కళ్ళు మూసుకుంది.

"ఫైర్‌కీ కవర్‌కీ మధ్య ఊపిరి తీసుకుంది," అంది కోడలు. "అవి మూడు పనులు. ఒకదాని తరవాత ఒకటి. కవర్‌కి నిప్పు పెట్టాను అనాలంటే మధ్యలో 'టు' ఉండాలి, సెట్ ఫైర్ టు కవర్ అని. ఆమె అనలేదు."

ఆఫీసరమ్మ కాగితంకేసి చూసుకుంది. "నిజమే. ఆ 'టు' నేను వేసింది," అని ఒప్పుకుంది. "చెవికి వినబడకపోయినా చెయ్యి దానంతటది రాసేసింది. సెట్ ఫైర్ అన్నాక మాకు 'టు' లేకపోతే నోరు ఊరుకోదు. దేనికి పెట్టావు అనేది ఉండాల్సిందే." కలం మూత పెడుతూ ఇంకో మాట కూడా అంది. "అసలు నన్ను పొద్దుట్నుంచి తొలుస్తున్నది ఆ ఎవ్రీ డే. అప్పుడప్పుడు నిప్పు పెట్టేవాళ్ళని చూశాను గానీ, రోజూ డ్యూటీలా పెట్టి ఇంటికెళ్ళే మనిషిని ఎక్కడా చూడలేదు."

కోడలు అది తెలుగులో చెప్పేసరికి అత్తకి నవ్వాగలేదు. ఆఫీసరమ్మ కూడా నవ్వేసింది. కానీ వెంటనే లేచి హెల్మెట్ అందుకుంది.

"మాట అర్థమైంది. మంట సంగతి ఇంకా అర్థం కాలేదు. మాట మార్చి చెప్పినంతలో నేను కేసు మూసెయ్యలేను. పదండి, అక్కడికే వెళ్ళి చూద్దాం."

*

బేకరీ ముందుభాగం దాదాపు ఎలా ఉండేదో అలాగే ఉంది. వెనకగదిలో మాత్రం నేలంతా తడి పిండి జిగురులా పట్టేసి, అడుగు వేస్తే చెప్పు ఊడి వచ్చేలా ఉంది. ఒక మూల గోడ కిందనుంచి పైకి విసనకర్రలా నల్లగా పరుచుకుంది. యజమాని అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిప్పులత్తని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె కూడా పలకరించలేదు.

"ముందు మీ నిప్పు చూపించండి," అంది ఆఫీసరమ్మ.

నిప్పులత్త బట్టీ మూత తీసింది. గోరువెచ్చటి గాలి మొహాలకి కొట్టింది. లోపల మూలన బూడిద కుప్ప, సమాధిలా నున్నగా, ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది. ఆమె ఊచతో మెల్లగా ఒకపక్క తవ్వింది. బూడిద జారింది. అడుగున ఎర్రగా, నిద్రలోంచి లేచిన కన్నులా, నిప్పు. ఆఫీసరమ్మ వంగి చాలాసేపు చూసింది.

"నిన్న సాయంత్రం కప్పిందేనా ఇది?"

"యెస్. దిస్, ఐ సెట్," అని, నాలిక కరుచుకుని కోడలికేసి చూసింది నిప్పులత్త.

"దీనికి మాకు వేరే మాట ఉంది," అంది ఆఫీసరమ్మ. "బ్యాంక్. యూ బ్యాంక్ ద ఫైర్."

"బ్యాంకా?" అంది నిప్పులత్త తెలుగులో. "డబ్బులేసే బ్యాంకా?"

"మాట అదేనండీ," అంది కోడలు.

నిప్పులత్త బూడిద మళ్ళీ పైకి సర్దింది. "బాగానే పెట్టారే. రేపటికని దాచుకోవడమేగా!"

కోడలు అది ఇంగ్లిష్‌లో చెబితే ఆఫీసరమ్మ తల ఊపింది. ఆ మాట అక్కడికి అలా ఎందుకు వచ్చిందో తనెప్పుడూ ఆలోచించలేదంది. కానీ ఆమె కళ్ళు అప్పటికే వెనకగదివైపు తిరిగాయి. బట్టీలో నిప్పు బట్టీలోనే ఉందని తేలింది. గదిలోది ఎక్కడిది?

మూలన కరిగి వంకరపోయిన ప్లాస్టిక్ పెట్టె. అందులో తువ్వాళ్ళ దొంతర, పైన చుక్కలు చుక్కలుగా కరిగి అంటుకున్న కవర్. ఆఫీసరమ్మ చేతికి తొడుగు వేసుకుని దొంతరని ఎత్తి బల్లమీద పెట్టి ఒక్కో మడతా విప్పసాగింది. ఆమె ఏం వెతుకుతోందో తెలియకపోయినా అత్తాకోడళ్ళిద్దరూ చెరోపక్క చేరి మెడలు సాచారు.

పై తువ్వాలు కమిలి గోధుమరంగులో ఉంది. దాని కింద ఇంకొంచెం ముదురు. మడతలు లోపలికి పోయేకొద్దీ రంగు ముదురుతూ పోయింది. నడిమధ్యకి వచ్చేసరికి గుడ్డ అన్నదే లేదు, వేలు తగిలితే పొడిపొడిగా రాలే మసి.

"ఇదేమిటే!" అంది నిప్పులత్త. "ఎవరైనా అంటిస్తే పైనుంచి కదా కాలాలి? లోపల్నుంచి కాలిందేం?"

కోడలు ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు అడిగింది. ఆఫీసరమ్మ యజమానివైపు తిరిగింది. "ఈ తువ్వాళ్ళు ఎక్కడివి?"

"బట్టీ పళ్ళేలకి నూనె రాసి తుడిచేవి. నిన్న మధ్యాహ్నం ఉతికాను. మెషిన్‌లోనే ఆరబెట్టాను. నూనె ఎంత ఉతికినా పూర్తిగా పోదు." అతను చీపురు గోడకి ఆనించాడు. "దుకాణం మూసే తొందరలో వేడివేడిగానే మడతపెట్టి పెట్టెలో కుక్కేశాను. నేనే."

ఆఫీసరమ్మ అతన్ని తిట్టలేదు. నిదానంగా విప్పి చెప్పింది. ఉతికినా గుడ్డలో నూనె కొంత మిగిలిపోతుంది. ఆ నూనె గాలితో కలిసి కొద్దికొద్దిగా వేడి పుట్టిస్తుంది. పరిచి ఉంచితే ఆ వేడి ఎటో పోతుంది. వేడిగా ఉండగానే మడతపెట్టి దొంతర పేర్చేస్తే నడిమధ్య వేడికి పోయే దారి ఉండదు. పెరుగుతూ పెరుగుతూ ఎప్పుడో ఒకప్పుడు నిప్పవుతుంది. ఇలాంటివి ఆమె ఇదివరకు కూడా చూసింది.

"అగ్గిపుల్ల లేకుండానే?"

"లేకుండానే."

"నిప్పురవ్వ కూడా అక్కర్లేదా? ఏ నూనె అయినా అంతేనా? మా ఇంట్లో వంటగుడ్డలు కూడా అలా అంటుకుంటాయా?"

నిప్పులత్త ప్రశ్నల ధాటికి కోడలు ఒకటి ఇంగ్లిష్‌లోకి మార్చేలోపల రెండోది వచ్చి పడుతోంది. ఎన్నేళ్ళుగానో నిప్పు పక్కనే బతికింది. నిప్పంటే ఎవరో ఒకరు ముట్టించేదని, లేదా ఒకచోటినుంచి ఇంకోచోటికి పాకేదని అనుకుంది. ఎవరూ పిలవకుండా, గుట్టుగా మూలన కూర్చున్న గుడ్డల మధ్యలో తనంతట తానే పుట్టే నిప్పుని ఆమె చూడటం ఇదే. పొద్దున తనమీద పడిన నింద ఆ క్షణంలో గుర్తు కూడా లేదు. మసి చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపి వాసన చూసింది.

"రాజుకుంది," అంది. "ఎవరూ అంటించలేదు. అదే రాజుకుంది. దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారే? సెట్ అనకూడదుగా?"

"అనకూడదు. సెట్ వెనక ఎవరిదో ఒక చెయ్యి ఉంటుంది. చెయ్యి లేకపోతే క్యాచ్. ఇట్ కాట్ ఫైర్."

"క్యాచ్ అంటే పట్టుకోవడం కదా? బంతి పట్టుకున్నట్టు?"

"అవును."

"అయితే గుడ్డ నిప్పుని పట్టుకుందా, నిప్పు గుడ్డని పట్టుకుందా?"

కోడలు అది అలాగే ఇంగ్లిష్‌లోకి మార్చింది. ఆఫీసరమ్మని అడిగింది. ఆఫీసరమ్మ తొడుగు విప్పుతూ ఆగిపోయింది. గుడ్డే నిప్పుని పట్టుకున్నట్టు, అంది ముందు. మళ్ళీ ఆలోచించి, "ఇందులో బయటినుంచి వచ్చిన నిప్పే లేదు కదా, మరి దేన్ని పట్టుకున్నట్టు?" అని తనలో తానే గొణుక్కుంది. ముగ్గురూ ఆ కాలిన దొంతర చుట్టూ నిలబడి కొంతసేపు అదే తర్కించారు. మన భాషలో అంటించడం వేరు, అంటుకోవడం వేరు, రాజుకోవడం మరీ వేరు అని కోడలు వివరిస్తే, ఆఫీసరమ్మ ఆ చివరి మాటని రెండుసార్లు పలికి చూసింది. "రాజుకోవడం," అంది, అక్షరాలు తడబడుతూ.

*

ఆ సాయంత్రమే ఆఫీసరమ్మ పాత వాంగ్మూలం పక్కన పెట్టి కొత్తది తీసుకుంది. ఈసారి నిప్పులత్త తెలుగులో చెప్పింది, కోడలు మార్చింది. మధ్యలో ఒక్కచోట మాత్రం కోడల్ని ఆపి, ఆమే ముందుకి వంగి, "నోబడీ సెట్. ఇట్ కాట్," అని యంత్రంలోకి గట్టిగా చెప్పింది. ఆఫీసరమ్మ దాన్ని ఒక్క అక్షరం కలపకుండా రాసుకుంది.

యజమాని మర్నాడు ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అత్తా, తప్పయిపోయింది."

నిప్పులత్త రమ్మనలేదు, పొమ్మనలేదు. "తువ్వాళ్ళ సంగతా?"

"తువ్వాళ్ళది కాదు. అది తెలియక చేశాను. నీ సంగతి తెలిసుండి కూడా..."

"ఒక్క మాట అడిగుండాల్సింది, బాబూ. నువ్వు అంటించావా అత్తా అని. తిట్టినా సరే. అడక్కుండా ఫోన్ పెట్టేశావు చూడు, అక్కడ కాలింది నాకు."

అతను తలొంచుకున్నాడు. కోడలు లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది గానీ అత్త కూర్చోమనేదాకా అతను కూర్చోలేదు. ఆమె అనడానికి చాలాసేపే పట్టింది. పనిలోకి ఎప్పుడొస్తావని అతను అడిగితే, వెనకగది గోడలు కడిగి సున్నం వేసి, గుడ్డలు పరిచి ఆరబెట్టుకోవడానికి ఒక దండెం కట్టాక చూద్దామంది. అతను అదే వారంలో అవన్నీ చేశాడు. ఆమె వెళ్ళింది. కొన్నాళ్ళు అతనితో ముక్తసరిగా మాట్లాడింది. తరవాత తరవాత సర్దుకుంది.

అయితే ఒక మార్పు మాత్రం జరిగింది. ఇంతకుముందు కోడలు ఎన్నిసార్లు పోరినా, చిన్నపిల్లల మధ్య కూర్చుని చదువుకోవడానికి నాకేం ఖర్మ అని కొట్టిపారేసే నిప్పులత్త, ఒక ఆదివారం తనంతట తానే అడిగింది. "ఆ లైబ్రరీలో ఇంగ్లిష్ క్లాసు ఉందన్నావే, అది ఇంకా ఉందా?"

"ఉంది. నా దగ్గర నేర్చుకుంటున్నారుగా?"

"నీ దగ్గర నేను అడిగేదానికి నువ్వే తెల్లమొహం వేస్తున్నావు. ఇంకొకరిని కూడా అడుగుదాం."

మొదటి రోజు కోడలు తోడు వెళ్ళి వెనకవరసలో కూర్చుంది. రకరకాల దేశాలవాళ్ళు, రకరకాల వయసులవాళ్ళు. నిప్పులత్త కంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. పంతులమ్మ ఒక్కొక్కరినీ లేపి, మీరు చేసే పని గురించి చెప్పండి అంది. ఒకతను రంగులు వేస్తానన్నాడు. ఒకావిడ ముసలివాళ్ళకి సేవ చేస్తానంది. నిప్పులత్త వంతు వచ్చింది. ఆమె లేచి చీర సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఎవ్రీ ఈవెనింగ్ ఐ బ్యాంక్ ద ఫైర్," అంది.

పక్కన కూర్చున్న ముసలాయన తలెత్తి, "ఏ బ్యాంకు?" అని అడిగాడు.

వెనకవరసలో కోడలు నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిప్పులత్త మాత్రం ఆయనకేసి తిరిగి, ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న అన్నట్టు తల ఊపింది. తరవాత పంతులమ్మ దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, నల్లబల్లమీద బట్టీ బొమ్మ గీయడం మొదలుపెట్టింది.